విశాఖ ద్వారకానగర్ వీసా కన్సల్టెన్సీ: మా ఫైలు బాగుంది, నామినేషన్ పోయింది

కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. డబ్బు లెక్క ఇంకా తేలలేదు, తేలేదాకా పేరెత్తొద్దని మా నాన్నగారి మాట. ద్వారకానగర్‌లో విమానం బొమ్మ బోర్డు లేని మెట్లే తక్కువ కాబట్టి, వెళ్ళేవాళ్ళు ఏ మెట్లెక్కినా ఇది పనికొస్తుంది. నా రేటింగ్ అయిదుకి రెండు.

మా తమ్ముడు గాజువాక ఆటోనగర్‌లో డీజిల్ మెకానిక్. లారీ ఇంజన్ శబ్దం విని ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పే రకం, అప్లికేషన్ ఫారం ఇస్తే మాత్రం నా వైపు చూస్తాడు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ షెడ్డుకి మెకానిక్ కావాలంటే వీడిని కుదిర్చింది ఈ కన్సల్టెన్సీ వాళ్ళే. వీసా 482, అంటే యజమాని స్పాన్సర్ చేస్తే వచ్చేది. వీడియో కాల్‌లో షెడ్డు ఆయన ఇంజెక్టర్ల గురించి అడిగితే వీడు వచ్చీరాని ఇంగ్లీషు పక్కనపెట్టి, ఒకటి విప్పి చూపించాడు. ఆయనకి నచ్చాడు. 2024 మే నెలలో కాంట్రాక్టు చేతికొచ్చింది, ఏడాదికి 70,000 ఆస్ట్రేలియన్ డాలర్లు.

ముందు బాగున్నది చెప్తాను. అక్కడ కాగితాలు చూసే అమ్మాయి ఉంది, శ్రీకాకుళం యాస, చాలా పనిమంతురాలు. ఆటోనగర్ షెడ్డు ఓనరు ఇచ్చిన అనుభవం సర్టిఫికెట్‌లో 'ఇతను మంచివాడు, మా దగ్గర పనిచేసెను' అని ఒక్క ముక్క ఉంది. ఆ అమ్మాయి దాన్ని పక్కన పడేసి, రోజూ ఏ పని చేసేవాడు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అన్నీ రాయించుకు రమ్మంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం పడ్డ నెలలన్నీ హైలైటర్‌తో గీసింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటే అఫిడవిట్ నమూనా తనే టైపు చేసి ఇచ్చింది. మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో పోలీసు క్లియరెన్స్‌కి ఏమేం పట్టుకెళ్ళాలో చెప్పింది, అక్కడ వాళ్ళు సరిగ్గా అవే అడిగారు. నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కాగితం పని చేతనైనవాళ్ళు ఎవరో నాకు తెలుస్తుంది.

ఆ పనంతా అక్కరకు రాలేదు. ఎందుకో చెప్పాలంటే ఈ వీసా ఎలా నడుస్తుందో చెప్పాలి, కన్సల్టెన్సీ కౌంటర్లో ఎవరూ చెప్పరు కాబట్టి. ముందు ఆ కంపెనీ స్పాన్సర్‌గా ఆమోదం తెచ్చుకోవాలి. తర్వాత, ఫలానా ఉద్యోగానికి ఫలానా మనిషిని తీసుకుంటున్నాం అని నామినేషన్ వేయాలి. ఆపైన మనం వీసాకి దరఖాస్తు చేసుకోవాలి. మొదటి రెండూ యజమానివి, మన కంటికి కూడా కనపడవు. మనం తిరిగేదీ సంతకాలు పెట్టేదీ డబ్బు కట్టేదీ మూడోదానికి. నామినేషన్ తిరస్కరిస్తే వీసా కూడా తిరస్కరించాల్సిందే, అధికారికి ఇంకో దారి లేదు. పెళ్ళికొడుకు బట్టలు కట్టుకుని కూర్చున్నా అవతల సంబంధమే తప్పిపోయినట్టు.

మా నామినేషన్ ఎందుకు పోయిందో వింటే ఒళ్ళు మండుతుంది. ఇలాంటి ఉద్యోగాలకి ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒక కనీస జీతం పెడుతుంది. మే నెలలో అది 70,000 డాలర్లు, మా వాడి కాంట్రాక్టు సరిగ్గా అంతే. 2024 జులై 1 నుంచి అది 73,150 అయింది. ఆ తేదీ నుంచి దాఖలయ్యే నామినేషన్లకి కొత్త లెక్క. స్థానికంగా మనిషి దొరకలేదని చూపించడానికి యజమాని నాలుగు వారాలు ప్రకటన ఇవ్వాలి, ఆ గడువు జూన్‌లోనే అయిపోయింది. అయినా కన్సల్టెన్సీ వాళ్ళ 'ఆస్ట్రేలియా అసోసియేట్', అంటే అక్కడ వీళ్ళ తరఫున ఫైలు వేసే ఏజెంటు ఎవరో, జులైలో తాపీగా పాత కాంట్రాక్టుతోనే వేశారు. తేడా ఏడాదికి 3,150 డాలర్లు. షెడ్డు ఆయన తర్వాత ఫోన్లో మా తమ్ముడితో, 'ముందే చెప్పుంటే ఆ జీతం నేనే వేసేవాణ్ణి కదా' అన్నాడట. ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనా లారీల మనిషే, ఇమిగ్రేషన్ వెబ్‌సైట్ చదువుతూ కూర్చునే బాపతు కాదు. చదవడానికే కదా వీళ్ళకి డబ్బులిచ్చేది.

ఇంకోటి. నామినేషన్, వీసా ఒకే రోజు వేసేస్తే టైమ్ కలిసొస్తుందని కన్సల్టెన్సీ ఓనరుగారు గట్టిగా చెప్పారు. అలా వేయొచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. కానీ నామినేషన్ పోతే మన వీసా ఫీజు కూడా పోతుంది, తిరస్కరించారు కదా అని వెనక్కివ్వరు. మా వాడిది మూడు వేల డాలర్ల పైమాటే. నామినేషన్ ఆమోదం వస్తే అది 12 నెలలు చెల్లుతుంది, వచ్చాకే వీసా ఫీజు కట్టొచ్చు. అంత తొందర మాకేం లేదు, ఆటోనగర్‌లో పని దొరక్క కూర్చోలేదు కదా. తొందరంతా వాళ్ళ రెండో విడత ఫీజుకి, అది వీసా దాఖలైన రోజు కట్టాలని వాళ్ళ రసీదు మీదే రాసి ఉంది.

నన్ను అన్నిటికన్నా బాధ పెట్టింది ఉత్తరం సంగతి. నామినేషన్ తిరస్కరించాక, వీసా తేల్చే ముందు ఇమిగ్రేషన్ వాళ్ళు ఒక ఉత్తరం పంపారు: మీ నామినేషన్ ఆమోదం కాలేదు, ఏమైనా చెప్పుకోండి, లేదా దరఖాస్తు వెనక్కి తీసుకోండి అని. వెనక్కి తీసుకుంటే ఫీజు ఎలాగూ రాదు గానీ, రికార్డులో తిరస్కరణ ఉండదు. ఆ ఉత్తరం కన్సల్టెన్సీ ఈమెయిల్‌కి వెళ్ళింది, ఉత్తరాలు తమకే రావాలని వాళ్ళు ముందే ఫారంలో రాసుకున్నారు. మా దాకా రాలేదు. వచ్చింది తిరస్కరణ కాగితమే. దీనికి నిషేధం లాంటిదేం లేదు, అబద్ధపు కాగితాలు పెట్టినవాళ్ళకి ఉండే మూడేళ్ళ గొడవ వేరు. కానీ ఇకమీదట 'ఎప్పుడైనా వీసా తిరస్కరించారా' అని ఫారంలో అడిగిన ప్రతిచోటా మా వాడు అవునని రాసి, కారణం వివరించుకోవాలి.

'ఏటమ్మా, అప్పీలు లేదా?' అన్నారు నాన్నగారు. నామినేషన్ మీద అప్పీలు యజమానే వేయాలి, మనకి ఆ హక్కు లేదు. షెడ్డు ఆయన, ట్రిబ్యునల్ చుట్టూ తిరిగే కన్నా కొత్తగా వేయడమే నయం అన్నాడు. నాకూ అదే సబబు అనిపించింది.

ఓనరుగారు పెద్ద మనిషిలా మాట్లాడతారు, టీ తెప్పిస్తారు, 'మేడమ్, తప్పు యజమానిది, మాది కాదు' అంటారు. బిల్లు తీసి ముందు పెట్టాను. అందులో 'స్పాన్సర్ ఛార్జీలు' అని ఒక పద్దు. ఏంటని అడిగితే నామినేషన్ ఫీజు, ట్రైనింగ్ లెవీ అన్నారు. లెవీ అంటే బయటి దేశం మనిషిని తీసుకునే యజమాని అక్కడి ప్రభుత్వానికి కట్టే డబ్బు. నామినేషన్ ఫీజు 330 డాలర్లు, లెవీ చిన్న కంపెనీకి ఏడాదికి 1,200, నాలుగేళ్ళకి 4,800. ఈ రెండూ యజమాని జేబులోంచే పోవాలి, ఉద్యోగి మీద వేయకూడదు, అక్కడి చట్టమే ఒప్పుకోదు. ఆ మాట చెప్పి, షెడ్డు ఆయన లెవీ తనే కట్టానని పంపిన మెసేజ్ చూపించాను. ఒకే పద్దు రెండు జేబుల్లోంచి వసూలు. ఓనరుగారు టీ గ్లాసు పక్కన పెట్టారు. ఆ వారంలోనే ఆ మొత్తం మా నాన్నగారి ఖాతాలో పడింది. రెండో స్టార్ అందుకే. మొదటిది ఆ శ్రీకాకుళం అమ్మాయిది.

విదేశాల్లో ఉద్యోగం కుదిర్చేవాళ్ళు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద విదేశాంగ శాఖ దగ్గర నమోదు కావాలి, సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, ఆపైన జీఎస్‌టీ, అంతకు మించి తీసుకోకూడదు. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో నమోదైనవాళ్ళ పేర్లుంటాయి. వీళ్ళ పేరు కనపడలేదు. అడిగితే 'మాది వీసా కన్సల్టెన్సీ మేడమ్, రిక్రూటింగ్ కాదు' అన్నారు. మరి షెడ్డు ఆయన్ని మాకు చూపించింది ఎవరు? ఆస్ట్రేలియా అసోసియేట్ రిజిస్ట్రేషన్ నంబరు ఇమ్మన్నాను. అక్కడి ఏజెంట్లకి ప్రభుత్వం నంబరు ఇస్తుంది, ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. 'పంపిస్తాం' అన్నారు. పంపలేదు.

వెళ్ళక తప్పదనుకునేవాళ్ళు సంతకం పెట్టకముందే నామినేషన్ కాపీ అడగండి: దాఖలైన తేదీ, అందులో వేసిన జీతం, ఆ రోజు అమల్లో ఉన్న కనీస జీతం, మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ కనీసం 2025 జులై 1న 76,515 అయింది. ఇమిగ్రేషన్ ఉత్తరాలు మీ ఈమెయిల్‌కే రావాలని చెప్పండి. బండి పెట్టుకోవడానికి కింద చోటు లేదు, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి నడవడమే మేలు.

షెడ్డు ఆయన ఈసారి తనే ఒక రిజిస్టర్డ్ ఏజెంటుని పెట్టుకుని మళ్ళీ నామినేషన్ వేస్తున్నాడు. 2024 నవంబర్ 23 నుంచి ఆ వీసాకి అడిగే అనుభవం రెండేళ్ళ నుంచి ఏడాదికి తగ్గింది, డిసెంబర్ 7 నుంచి దాని పేరు కూడా మారింది. నామినేషన్ మంజూరయ్యాకే మా వాడు వీసా ఫీజు కడతాడు. ఇక్కడ కట్టిన రెండో విడత వెనక్కివ్వమని రాతపూర్వకంగా అడిగాను, జవాబు రాలేదు. వస్తే ఈ రివ్యూలోనే కింద రాస్తాను.