టార్‌స్కీస్ వరల్డ్: ప్రెడికేట్ పాఠం బోర్డు మీద ఎక్కని వాళ్ల కోసం

డిస్క్రీట్ మ్యాథ్స్ చదివిన వాళ్లందరూ ఈ లైన్ ఎప్పుడో ఒకసారి రాసే ఉంటారు: "ఒక ప్రెడికేట్ ఏయే వస్తువులకు వర్తిస్తుందో ఆ వస్తువులన్నిటి సమితే దాని ఎక్స్‌టెన్షన్." ప్రెడికేట్ అంటే "పెద్దది", "ఎడమన ఉంది" లాంటి, వస్తువుల గురించి చెప్పే మాట. పరీక్షలో రెండు మార్కులు వస్తాయి, మర్నాటికి మర్చిపోతాం. నేను ఇంజనీరింగ్ సెకండియర్ పిల్లలకు ఈ పాఠం చెప్తాను. ఎన్ని సార్లు చెప్పినా ఎక్కడో అతకడం లేదనిపించి, రెండేళ్ల కిందట ల్యాబ్‌లో టార్‌స్కీస్ వరల్డ్ అనే లాజిక్ సాఫ్ట్‌వేర్ పెట్టించాను. అప్పటి నుంచి వదల్లేదు. ఈ రివ్యూ అందుకే.

ఇది కొత్త సరుకేమీ కాదు. 1980లలో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ బార్‌వైజ్, జాన్ ఎచెమెండీ మొదట మెకింటాష్ కోసం తయారుచేసింది. సత్యం అంటే ఏమిటో గణితపరంగా నిర్వచించిన ఆల్‌ఫ్రెడ్ టార్‌స్కీ పేరు పెట్టారు. చూడ్డానికి చదరంగం బల్లలా ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు గళ్లు ఉంటాయి. వాటిమీద పెట్టడానికి మూడు ఆకారాలు: నాలుగు ముఖాల చతుర్ముఖి, ఘనం, పన్నెండు ముఖాలది. చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు సైజులు. పక్కనే ఇంకో కిటికీలో మనం లాజిక్ వాక్యాలు రాసుకోవాలి. వెరిఫై నొక్కితే ఒక్కో వాక్యం గురించి మూడు సంగతులు చెప్తుంది: రాసిన తీరు సరైనదేనా, అది పూర్తి వాక్యమేనా, ఈ బల్ల మీద అది నిజమా కాదా.

ఇంతే. కానీ ఈ కాస్తలో ఎంత ఉందో చెప్తాను.

ఏ, బీ, సీ అని మూడు దిమ్మలు మూడు వేర్వేరు నిలువు వరుసల్లో, ఎడమ నుంచి కుడికి అదే క్రమంలో పెట్టండి. "లెఫ్ట్ ఆఫ్" (ఫలానాదానికి ఎడమన ఉంది) అనే ప్రెడికేట్‌కి ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ ఏమిటి? దీనికి రెండు వస్తువులు కావాలి కాబట్టి జవాబు క్రమయుగ్మాల్లో, అంటే ఏది ముందో ఏది తర్వాతో లెక్కలోకి వచ్చే జంటల్లో ఉంటుంది: (ఏ, బీ), (ఏ, సీ), (బీ, సీ). మొత్తం మూడు. ఇప్పుడు సీని మౌస్‌తో పట్టుకుని బీ ఉన్న నిలువు వరుసలోకి లాగండి. (బీ, సీ) పోయింది, రెండే మిగిలాయి. ఏని కూడా అక్కడికే తెచ్చేస్తే శూన్య సమితి. మా ల్యాబ్‌లో "బీ, సీకి ఎడమన ఉంది" అని వాక్యం రాసుకున్న ఒక అమ్మాయి ఇక్కడే ఆగిపోయి "మేడమ్, నేను వాక్యంలో ఒక్క అక్షరం కూడా మార్చలేదు కదా, నిజం కాస్తా అబద్ధం ఎలా అయింది?" అని అడిగింది. ఆ ప్రశ్న నోట వచ్చిందంటే సగం పాఠం వచ్చేసినట్టే. మాటకి అర్థం మారలేదు, దాని కింద ఉన్న లోకం మారింది.

నేను క్లాసులో దీనికి జోడించే ఉదాహరణ మన ఇంటిదే. "హైదరాబాద్ రాజధానిగా ఉన్న రాష్ట్రం" అనే ప్రెడికేట్ తీసుకోండి. 2014 జూన్ 1న దాని ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నది ఆంధ్రప్రదేశ్ ఒక్కటే. మర్నాడు రెండు రాష్ట్రాలు, ఎందుకంటే చట్టం ప్రకారం అది ఉమ్మడి రాజధాని. పదేళ్ల గడువు అయిపోయాక 2024 జూన్ 2 నుంచి తెలంగాణ ఒక్కటే. మాట అదే, అర్థం అదే, సమితి మాత్రం మూడు రకాలు. పిల్లలకి ఇది చెప్పి వెంటనే బల్ల మీద దిమ్మ జరిపితే చటుక్కున పట్టుకుంటారు.

దీని తిరగేసిన సంగతి ఇంకా బాగుంటుంది. బల్ల మీద ఉన్న ఘనాలన్నీ పెద్దవే, పెద్దవన్నీ ఘనాలే అయ్యేలా సర్దండి. ఇక్కడ "ఘనం", "పెద్దది" అనే రెండు ప్రెడికేట్లకీ ఒకటే ఎక్స్‌టెన్షన్. వట్టి సమితి చూసి ఏది ఏదో చెప్పలేం. ఒక చిన్న ఘనం తెచ్చి పెట్టగానే రెండూ విడిపోతాయి. అర్థం వేరు, ఎక్స్‌టెన్షన్ వేరు అనే తేడాని ఇంత సులువుగా చూపించే సాధనం నేను ఇంకోటి చూడలేదు.

ఇక ఇందులోని గేమ్ గురించి, అంటే ఒక వాక్యం నిజమో అబద్ధమో సాఫ్ట్‌వేర్‌తో వాదించే ఆట గురించి తప్పకుండా చెప్పాలి. "పెద్ద ఘనం ఒకటి ఉంది" అని రాయాల్సిన చోట దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ కొందరు "ఒక వస్తువు ఉంది, అది ఘనమైతే పెద్దది" అని రాస్తారు. "మరియు" రావాల్సిన చోట "అయితే" పెడతారన్నమాట. బల్ల మీద ఉన్నదేమో ఒకే ఒక్క పన్నెండు ముఖాల దిమ్మ, ఘనమన్నది లేనే లేదు. అయినా సాఫ్ట్‌వేర్ ఆ వాక్యం నిజమంటుంది. పిల్లలు ఒప్పుకోరు, అబద్ధమే అని పట్టుబడతారు. అప్పుడు గేమ్ నొక్కమంటాను. "అబద్ధం అంటున్నావా? సరే, ఈ దిమ్మ తీసుకో" అన్నట్టు అది ఆ దిమ్మకే ఒక పేరు పెట్టి ముందుకు తోస్తుంది. తర్వాత "అయితే" వాక్యాన్ని విప్పి "ఇది ఘనం కాదు, లేదా ఇది పెద్దది" అని మారుస్తుంది. ఇది కూడా అబద్ధమే అంటే, ఆ దిమ్మ ఘనమని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది. కళ్లెదుట పన్నెండు ముఖాలతో కూర్చున్నదాన్ని ఘనం అని ఎవరనగలరు? ఓడిపోతారు, కానీ ఎక్కడ ఓడిపోయారో ఒక్కో మెట్టుగా తెలిసి ఓడిపోతారు. నేను ఎర్ర పెన్నుతో తప్పు అని కొట్టేస్తే ఇది రాదు.

నచ్చనివీ ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్‌ని జాబితాగా చూపించే కిటికీ లేదు, నిజమో కాదో మాత్రమే చెప్తుంది. అందుకని మేము నోట్‌బుక్‌లో సమితి రాసుకుని తర్వాత వెరిఫై నొక్కుతాం. "క్యూబ్ ఆఫ్ ఎక్స్" (ఎక్స్ అనేది ఘనం) అని ఊరికే రాస్తే సరిగ్గానే రాశావు కానీ వాక్యం కాదంటుంది. అది న్యాయమే, ఎక్స్ ఎవరో తెలియకుండా నిజం ఎలా చెప్తుంది? కానీ అదే చోట ఎక్స్ స్థానంలో ఏ దిమ్మలు సరిపోతాయో వెలిగించి చూపిస్తే ఎంత బాగుండేదో. త్రీడీలో చూస్తే ముందున్న పెద్ద దిమ్మ వెనక చిన్నది దాక్కుంటుంది, కాబట్టి సమితి రాసేముందు పైనుంచి చూసే టూడీకి మారండి.

ఇంకో హెచ్చరిక. ఇక్కడ ప్రతి ప్రెడికేట్‌కీ చక్కగా ఎక్స్‌టెన్షన్ దొరుకుతుంది, ఎందుకంటే ఉన్నవే 64 గళ్లు. ఏ ప్రెడికేట్‌కైనా ఇలాగే దొరుకుతుందని నమ్మి గణితం మొత్తాన్ని దానిమీద నిలబెట్టబోయిన జర్మన్ తర్కవేత్త ఫ్రేగేకి 1902లో బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ ఉత్తరం రాశాడు. తనకు తాను సభ్యుడు కానిది అనే ప్రెడికేట్‌కి సమితి కట్టబోతే మొత్తం కూలిపోతుందని అందులో చూపించాడు. దిమ్మల బల్ల మీద అది చూపించడం కుదరదు. అది మాస్టారు విడిగా చెప్పాల్సిందే.

కొనే వాళ్లకు: ఇది బార్‌వైజ్, ఎచెమెండీల పాఠ్యపుస్తకంతో వచ్చే ప్యాకేజీలో భాగం. జవాబులు ఆన్‌లైన్‌లో దిద్దించుకునే సర్వీసుకి ఒక్కో కాపీకి ఒక్కో రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, కాబట్టి సీనియర్ల దగ్గర సెకండ్‌హ్యాండ్ పుస్తకం తీసుకుంటే ఆ సర్వీసు మీకు పనిచేయదు. అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది, కానీ మొదటి గంట ఎవరైనా పక్కన కూర్చుని తెలుగులో చెప్తే తర్వాత పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆడుకుంటారు. కొత్త బ్యాచ్‌కి వచ్చే వారం మళ్లీ ఆ మూడు దిమ్మలతోనే మొదలుపెడుతున్నాను.