మాన్స్ మెగ్ దగ్గరికి గైడు అక్కర్లేదు

ఎడిన్‌బరా కోటలో మాన్స్ మెగ్ ఫిరంగిని చూడ్డానికి తలకి 28 పౌండ్లు పోసి గైడుతో టూర్ తీసుకున్నాం. కోట టికెట్ దీనికి అదనం. ఫిరంగి దగ్గర ఆయన నిలబెట్టింది నాలుగు నిమిషాలు, అందులో చెప్పింది తప్పు. 1455లో రాజు ముట్టడించిన, నైరుతి స్కాట్లండ్‌లోని త్రీవ్ కోటని పడగొట్టడానికి అక్కడి కమ్మరి ఒకడు కొడుకులతో కలిసి దీన్ని చేశాడట! అది పాత కట్టుకథ. మెగ్‌ని 1449లో ఇప్పటి బెల్జియంలోని మాన్స్‌లో జెహాన్ కాంబియె తయారుచేశాడు. చేయించింది బర్గండీ డ్యూక్ ఫిలిప్. ఆయన దాన్ని స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్‌కి పంపింది 1457లో. త్రీవ్ ముట్టడి ముగిసిన రెండేళ్ళకి ఆ దేశంలో అడుగుపెట్టిన ఫిరంగి ఆ ముట్టడిలో ఎలా పేలుతుంది? డబ్బు పుచ్చుకుని చెప్పేవాళ్ళకి ఈ రెండు తేదీలైనా తెలియాలి.

అందుకే చెప్తున్నా, కోట టికెట్ మాత్రం ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి, గేటు దగ్గరకన్నా తక్కువకి వస్తుంది. తలుపులు తీయగానే లోపలికి వెళ్ళి, ఆభరణాల గది వైపు పోకుండా నేరుగా పైకి, సెయింట్ మార్గరెట్ చాపెల్ దగ్గరికి ఎక్కేయండి. మెగ్ దాని బయటే ఉంటుంది. పొడవు 4 మీటర్లు, బరువు 6 టన్నుల పైనే, నోటి వెడల్పు దాదాపు అర మీటరు. అందరూ నోటి దగ్గరే ఫొటోలు దిగి వెళ్ళిపోతారు. మీరు వెనక వైపుకి రండి. 1681లో రాజు తమ్ముడి పుట్టినరోజు సలాముకి పేల్చినప్పుడు ఇది పగిలింది. పగిలినచోట పై కడియాలు ఊడిపోయి, లోపల పొడుగ్గా పక్కపక్కన పేర్చిన ఇనుప పట్టీలు బయటపడ్డాయి. ఆ కాలపు ఫిరంగిని ఎలా కట్టేవారో ఇంత స్పష్టంగా చూపించే గాయం ఇంకోటి నేను చూడలేదు. పట్టీలని గుండ్రంగా నిలబెట్టి, వాటి మీదికి ఎర్రగా కాల్చిన కడియాలని ఒక్కొక్కటిగా ఎక్కించేవారు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్టే, చల్లారేకొద్దీ కడియం బిగుసుకుంటుంది. ఒక్క అతుకు వదులైనా మంట అక్కణ్ణుంచే దారి చూసుకుంటుంది. మన బీదరు కోట బురుజుల మీది పెద్ద ఇనుప ఫిరంగుల్లోనూ ఇదే పట్టీల, కడియాల పనితనం.

వెనక భాగం సన్నగా ఉంటుంది, అది తుపాకిమందు నింపే గది. సన్నగా ఉన్నా గోడ మందం అక్కడే ఎక్కువ. నింపే పద్ధతి గైడు చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. 15వ శతాబ్దపు జర్మన్ ఫిరంగివాళ్ళ లెక్క ప్రకారం మందు గదిని అయిదు భాగాలనుకుంటే మూడు భాగాలు మందు, ఒకటి ఖాళీ, చివరిది మెత్తటి చెక్క బిరడా. బిరడాని గట్టిగా దిగ్గొట్టాలి. దాని ముందు రాతి గుండు, గుండు చుట్టూ చెక్క చీలలు, సందుల్లో బంకమట్టి. ఈ పని ఓపిగ్గా చెయ్యకపోతే పొగ, వేడి సందుల్లోంచి పోయి గుండు ముందే చతికిలబడుతుంది. మెగ్ గుండు బరువు దాదాపు 150 కిలోలు. మందుతోనూ తిప్పలే. సూరేకారం, గంధకం, బొగ్గు పొడిపొడిగా కలిపింది బండి కుదుపులకి విడిపోయేది, అందుకని చాలాసార్లు ముట్టడి చోటే కలుపుకునేవారు. గుళికలుగా చేసిన మందు వచ్చాక ఈ బాధ తగ్గింది గానీ, అది ఎక్కువ జోరుగా కాలుతుంది కాబట్టి పాత కొలతే పోస్తే ఫిరంగి పగిలే ప్రమాదం పెరిగింది. మెగ్‌ని అందుకున్న రెండో జేమ్సే 1460లో రాక్స్‌బరా ముట్టడిలో పక్కన నిలబడి చూస్తుండగా ఒక ఫిరంగి పగిలి చనిపోయాడు.

తరలింపు ఇంకో నరకం. 1497లో ఇంగ్లండ్ సరిహద్దులోని నార్హమ్ కోట మీదికి మెగ్‌ని మేళతాళాలతో బయల్దేరదీస్తే, ఊరి పొలిమేరలోనే దాని బండి విరిగింది. ఇప్పుడు దాని కింద కనిపించే చక్రాల బండి తర్వాతి కాలంది. అప్పట్లో కాల్చేముందు నేల మీద దుంగల పడక మీద పెట్టి, వెనక్కి తన్నకుండా మొద్దులు పాతేవారు.

బస సంగతి. ఆగస్టులో వెళ్ళకండి. ఉత్సవాల సీజన్, మేం ఉన్న గదికి రాత్రికి 164 పౌండ్లు, కిటికీ తెరిస్తే చెత్తడబ్బాలు, వేడినీళ్ళు పదినిమిషాలు. మా వదిన ఆ రాత్రంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

బెల్జియంలోని గెంట్‌లో మాత్రం మనసు నిండింది. బ్రసెల్స్ నుంచి రైల్లో అరగంట, గది 92 యూరోలు, శుభ్రంగా ఉంది. ఫ్రైడేమార్కెట్ చౌకు పక్కనే, నది ఒడ్డున ఎర్రరంగు పూసిన డుల్లె గ్రీట్ అనే ఫిరంగి నిలబడి ఉంటుంది. టికెట్ లేదు, తోసేవాళ్ళు లేరు. పొడవు 5 మీటర్లు, బరువు 12 టన్నుల పైచిలుకు, నోరు 64 సెంటీమీటర్లు, గుండు సుమారు 300 కిలోలు. 1452లో ఔడెనార్డే ముట్టడిలో గెంట్ వాళ్ళు దీన్ని శత్రువుకి వదిలేసి వచ్చారు. తిరిగి దక్కింది 1578లో. కడియాల అంచులు దగ్గరగా చూడాలంటే ఉదయాన్నే వెళ్ళండి, ఎండ పక్క నుంచి పడి ప్రతి అతుకూ కనిపిస్తుంది. ఒక్కటే చూడగలమంటే ఎడిన్‌బరా వదిలేసి ఇక్కడికే రమ్మంటాను.

పోర్ట్స్‌మత్ దగ్గరి ఫోర్ట్ నెల్సన్‌లో 1464 నాటి టర్కీ కంచు ఫిరంగి ఉంది. ప్రవేశం ఉచితం, కారు పార్కింగ్‌కే డబ్బు. రెండు ముక్కలుగా పోతపోసి మరతో బిగించేవారు, ఆ మర పళ్ళు చూడాల్సినవి.

కొట్టేవాళ్ళ సంగతే కాకుండా కాచుకునేవాళ్ళ సంగతీ తెలియాలంటే త్రీవ్‌కి వెళ్ళండి. రైలు డంఫ్రీస్ వరకే, అక్కణ్ణుంచి బస్సులో కాజిల్ డగ్లస్. తర్వాత పొలాల్లో నడిచి, చిన్న పడవలో నది దాటాలి, పడవ ఖర్చు కోట టికెట్లోనే. పాత ఎత్తైన బురుజు చుట్టూ, ముట్టడికి కొన్నేళ్ళ ముందే తుపాకుల కోసం కట్టిన పొట్టి గోడ, గుండ్రటి బురుజులు, కన్నాలు ఉన్నాయి. బ్రిటన్‌లో ఇలాంటి తొలి కట్టడాల్లో ఇదొకటి. ఫిరంగులు పెట్టినా ముట్టడి రెండు నెలలు దాటింది, చివరికి కోట లొంగింది లోపలివాళ్ళకి డబ్బు ముట్టాకే. చలికాలంలో మూసేస్తారు, వర్షం ఎక్కువైతే పడవ నడవదు, కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. గైడుకిచ్చే 28 పౌండ్లు ఈ బస్సుకీ పడవకీ పెట్టండి.