యూజీన్‌లో ఎన్‌సీఏఏ అథ్లెటిక్స్: గ్యాలరీలో కూర్చుని చూడవలసిన పోటీలు

అమెరికా విశ్వవిద్యాలయాల మధ్య ఏటా జూన్‌లో జరిగే ఎన్‌సీఏఏ (అక్కడి కళాశాల క్రీడలను నడిపే సంస్థ) మొదటి డివిజన్, అంటే అగ్రశ్రేణి, ట్రాక్ అండ్ ఫీల్డ్ ఛాంపియన్‌షిప్‌ను టీవీలో చూసేవారికి విజేతలు కనిపిస్తారు గాని, పోటీ పూర్తిగా కనిపించదు. 1921లో షికాగోలోని స్టాగ్ ఫీల్డ్‌లో మొదలైన ఈ పోటీలలో మొదటి స్థానానికి 10 పాయింట్లు, రెండో స్థానానికి 8, ఆ తరువాత వరుసగా 6, 5, 4, 3, 2, 1 చొప్పున జట్టు ఖాతాలో చేరతాయి. కెమెరా విజేత వెంట వెళ్లిపోయిన తరువాత కూడా ఏడో స్థానం కోసం ఇద్దరు ప్రాణం పెట్టి పరుగెత్తుతూనే ఉంటారు. ఆ పరుగు విలువ ఏమిటో స్టేడియంలో కూర్చున్నవారికే తెలుస్తుంది. 2025లో పురుషుల టైటిల్‌ను సదరన్ కాలిఫోర్నియా, టెక్సస్ ఏ అండ్ ఎం జట్లు చెరి 41 పాయింట్లతో పంచుకున్నాయి. ఆ రెండింటిలో ఏదో ఒక జట్టు క్రీడాకారుడు ఒక్క స్థానం ముందు నిలిచి ఉంటే ట్రోఫీ ఒకరికే దక్కేది.

ఈ పాయింట్ల లెక్క ఎంత ఉత్కంఠ రేపగలదో 2024 మహిళల పోటీలు చూపించాయి. 400 మీటర్ల ఫైనల్‌లో మొదటి నాలుగు స్థానాలూ ఆర్కన్సా విశ్వవిద్యాలయానివే. నికీషా ప్రైస్ 48.89 సెకన్లలో గెలిచిన ఆ ఒక్క పరుగుతోనే జట్టుకు 29 పాయింట్లు వచ్చాయి. ఆ తరువాత అదే నలుగురు చివరి అంశమైన 4×400 మీటర్ల రిలేలో దిగి 3 నిమిషాల 17.96 సెకన్లలో గెలిచారు. తుది లెక్కలో ఆర్కన్సాకు 63, ఫ్లోరిడాకు 59. రిలేలో బ్యాటన్ చేజారి ఉంటే టైటిల్ కూడా చేజారేదే. నాలుగు రోజుల పోటీ ఆఖరి పరుగుదాకా తేలకుండా నిలవడం నాకు ఈ పోటీలలో అన్నిటికంటే నచ్చిన గుణం.

వేదిక విషయానికి వస్తే, ఇటీవలి సంవత్సరాల్లో ఈ పోటీలు ఎక్కువగా ఒరెగాన్ రాష్ట్రం యూజీన్‌లోని హేవర్డ్ ఫీల్డ్‌లోనే జరుగుతున్నాయి. దాదాపు శతాబ్దం నిలిచిన చెక్క గ్యాలరీని 2018లో కూల్చి, కొత్త స్టేడియం కట్టారు. ఆ పాత గ్యాలరీని నిలుపుకొని ఉండవలసిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. అయితే ప్రేక్షకుడి కోణం నుంచి చూస్తే కొత్త నిర్మాణానికి వంక పెట్టడం కష్టం. పన్నెండు వేలకు పైగా ఉన్న సీట్లు ట్రాక్‌ను దగ్గరగా చుట్టుకొని ఉండటం వల్ల, ఒకవైపు హర్డిల్స్ నడుస్తుండగా మరోవైపు హై జంప్ బార్ ఎత్తు పెంచడాన్ని కూడా కూర్చున్న చోటు నుంచే గమనించవచ్చు. మూలన నిలిచిన ఎత్తయిన గోపురంపై స్టీవ్ ప్రిఫోంటేన్, యాష్టన్ ఈటన్ వంటి ఒరెగాన్ క్రీడాకారుల చిత్రాలున్నాయి. భారతీయులకు ఇక్కడ మరో జ్ఞాపకం కూడా ఉంది: కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున తేజస్విన్ శంకర్ 2018లో పాత స్టేడియంలో 2.24 మీటర్లు, 2022లో కొత్త స్టేడియంలో 2.27 మీటర్లు దూకి రెండుసార్లు హై జంప్ టైటిల్ గెలిచాడు.

నిర్వహణలో నన్ను ఆకట్టుకున్నది ప్రతి ఫలితానికీ దక్కే గుర్తింపు. దీనికి భిన్నంగా, మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2020లో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీలలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించినా, డోప్ పరీక్ష (నిషేధిత మందుల పరీక్ష) జరగకపోవడం వల్ల అది జాతీయ రికార్డుగా నమోదు కాలేదు. విద్యార్థి శ్రమ కాగితం మీద నిలవాలంటే చుట్టూ ఎంత వ్యవస్థ ఉండాలో యూజీన్‌లో చూస్తే అర్థమవుతుంది.

నాకు నచ్చనిది కార్యక్రమ పట్టిక. 2015 నుంచి పురుషులకు బుధ, శుక్రవారాలు, మహిళలకు గురు, శనివారాలు కేటాయించారు. పాయింట్ల లెక్క అనుసరించడం దీనివల్ల సులువైన మాట నిజమే గాని, పురుషుల, మహిళల ఫైనల్స్ రెండూ చూడాలనుకునేవారు సెలవు పెట్టక తప్పదు.

పోర్ట్‌ల్యాండ్ పక్కనున్న హిల్స్‌బరో, బీవర్టన్‌లలోని తెలుగు కుటుంబాలకు యూజీన్ సుమారు రెండు గంటల ప్రయాణం. ఒక్కరోజే వీలయితే శనివారం ఎంచుకోవడం మేలు: మహిళల ట్రాక్ ఫైనల్స్‌తో పాటు హెప్టాథ్లాన్ (ఏడు అంశాల పోటీ) ముగింపు కూడా ఆ రోజే ఉంటుంది. అథ్లెటిక్స్ నేర్చుకుంటున్న పిల్లలుంటే మాత్రం బుధవారం కూడా తీసుకువెళ్లండి. డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) తొలిరోజు ఒకే వ్యక్తి పరుగు, దూకడం, షాట్ పుట్ అన్నీ వరుసగా చేయడం వాళ్లు చూడగలుగుతారు.