రీఫిల్ పాడ్ వేప్ రివ్యూ: సిగరెట్‌తో పోలిస్తే ఒంట్లోకి నికోటిన్ ఎంత పోతోంది?

యూకేలో 2025 జూన్ 1 నుంచి డిస్పోజబుల్ వేప్‌ల (వాడి పారేసే ఈ-సిగరెట్ల) అమ్మకం ఆపేశారు కదా, అప్పట్నుంచి ఇక్కడ చాలామంది లిక్విడ్ మళ్ళీ మళ్ళీ నింపుకునే రీఫిల్ పాడ్‌కి మారారు, నేనూ అదే వాడుతున్నా. కిట్ వరకు ఏ గొడవా లేదు, లిక్విడ్ కారదు, చార్జింగ్ రోజంతా వస్తుంది, కొత్త కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసే తీగ) వేసి లిక్విడ్ పోశాక ఒక పది నిమిషాలు ఆగండి, లోపల దూది తడవకుండా లాగితే మాడు వాసనే.

కానీ మనవాళ్ళు "సిగరెట్ కాదుగా, నికోటిన్ తక్కువే" అంటుంటారు చూడండి, అది మాత్రం తప్పు. ఒక సిగరెట్ పొగాకులో 10 మిల్లీగ్రాములు, ఇంకా పైనే ఉంటుంది నికోటిన్, కానీ చాలావరకు కాలిపోయి, గాల్లో కలిసిపోయి, చివర పారేసే సిగరెట్ పీకలో మిగిలిపోయి ఒంట్లోకి చేరేది ఒకటి, ఒకటిన్నర అంతే. ఇక్కడి రూల్ ప్రకారం లిక్విడ్‌లో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, లిక్విడ్ పోసే ట్యాంకు, అంటే పాడ్, 2 మిల్లీలీటర్లు దాటకూడదు, అంటే నిండు పాడ్‌లో 40 మిల్లీగ్రాముల నికోటిన్. అదంతా ఒంటికి పట్టదు, వదిలే ఆవిరిలో కొంత పోతుంది, అయినా రోజుకో పాడ్ ఖాళీ చేసేవాళ్ళు ప్యాకెట్ తాగేవాళ్ళకి పెద్దగా తీసిపోరు.

ఇంకోటి, సిగరెట్ ఎలాగూ అయిపోతుంది, బయట చలిలో నిలబడి తాగాలి, పారేసి లోపలికి వచ్చేస్తాం. వేప్ అయితే జేబులోనే ఉంటుంది, ల్యాప్‌టాప్ పక్కన ఉంటుంది, ఫోన్ మాట్లాడుతూ లాగుతూనే ఉంటాం, ఎన్ని దమ్ములో ఎవరికి గుర్తుంటుంది? పైగా నికోటిన్ సాల్ట్ లిక్విడ్‌లో బెంజోయిక్ యాసిడ్ ఉంటుంది కాబట్టి 20 స్ట్రెంత్ కూడా గొంతుకి మెత్తగా దిగిపోతుంది, అదే మామూలు లిక్విడ్ ఆ స్ట్రెంత్‌లో అయితే దగ్గు తెప్పిస్తుంది. తల తిరగడం, వికారం, వెక్కిళ్ళు వస్తే ఎక్కువైందని అర్థం, పక్కన పెట్టేయండి.

అందుకే దమ్ములు లెక్కపెట్టడం వదిలేసి 10 మిల్లీలీటర్ల బాటిల్ మీద మార్కర్‌తో తెరిచిన తేదీ రాసుకోండి, ఎన్ని రోజులొచ్చిందో చూస్తే వాడకం తెలిసిపోతుంది. 20 స్ట్రెంత్ నుంచి 10 స్ట్రెంత్‌కి దిగినప్పుడు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే తెలీకుండానే గట్టిగా, ఎక్కువసార్లు లాగుతాం, బాటిల్ తొందరగా అయిపోతుంది.

మరి లాభం ఏంటంటే, పొగాకు కాలదు కాబట్టి తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు, సిగరెట్ పూర్తిగా మానేసి దీనికి వచ్చేవాళ్ళకి నిజంగా మేలే, రెండూ కలిపి తాగేవాళ్ళకి మాత్రం ఆ మేలు దక్కదు. అలవాటే లేనివాళ్ళు ముట్టుకోకండి బాబూ, ఇది వదిలించుకోవడం కూడా కష్టమే.

నా రేటింగ్ 5కి 4. ఇండియా వెళ్ళేటప్పుడు మాత్రం బ్యాగులో పెట్టుకోకండి, అక్కడ 2019 చట్టం ప్రకారం అమ్మడమే కాదు, దిగుమతి కూడా నిషేధమే.