గోల్ఫ్ నేర్పేవారిలో ఎవరిని నమ్మవచ్చు: కొన్నేళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

గోల్ఫ్ నేర్పేవారికి కొరత లేదు. వారు చెప్పినది తనకు పనికొస్తుందో లేదో తేల్చుకునే దారి మాత్రం కొత్తగా ఆడేవారికి ఎవరూ చూపరు. ఉచిత వీడియోలు, నెలవారీ చందాతో నడిచే పాఠాల యాప్, ఫోన్‌లో తీసిన స్వింగ్‌ను (క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, ఊపి కొట్టే తీరును) పంపితే దోషాలు చెప్పే దూరశిక్షణ, రేంజ్‌లో, అంటే సాధన మైదానంలో, కోచ్ ఎదుట నిలబడి నేర్చుకునే పాఠాలు, ఈ నాలుగింటినీ నేను కొన్నేళ్లుగా వాడాను. వీటిలో ఇప్పటికీ డబ్బు పెట్టి కొనసాగిస్తున్నది కోచ్ దగ్గరి పాఠాలను మాత్రమే. అయితే కోచ్ అన్న పేరు ఉన్నంత మాత్రాన నమ్మకం కుదరదు కనుక, ఈ సమీక్షలో ఎక్కువ భాగం కోచ్ ఎంపిక గురించే ఉంటుంది.

నేను వెళ్తున్న కోచ్ మొదటి పాఠంలో నా స్వింగ్ గురించి చాలాసేపు ఏమీ అనలేదు. ముందు ఏడో నంబరు ఐరన్ అనే మధ్యదూరపు క్లబ్‌తో, తర్వాత ఎక్కువ దూరం కొట్టే డ్రైవర్‌తో కొట్టించి, ప్రతి షాట్‌కూ బంతి ఎటు బయలుదేరింది, గాలిలో ఎటు వంగింది అని నన్నే అడిగారు. ఆపైన పాదాలకు వాడే పౌడర్ స్ప్రేను డ్రైవర్ ఫేస్ (బంతిని తాకే ముఖం) మీద చల్లి, బంతి తగిలిన ముద్రలు ఎక్కడ పడుతున్నాయో చూపించారు. అవి ఫేస్ మధ్యలో కాక, షాఫ్ట్‌కు (క్లబ్ కాడకు) దగ్గరగా ఉండే హీల్ వైపు పడుతున్నాయి. డ్రైవర్ తల బరువులో ఎక్కువ భాగం ఫేస్‌కు వెనుక ఉంటుంది కాబట్టి, హీల్‌కు తగిలినప్పుడు ఆ తల మెలితిరిగి బంతికి పక్కవాటు స్పిన్‌ను ఇస్తుంది. స్వింగ్ సవ్యంగా ఉన్నప్పటికీ కుడిచేతి ఆటగాడి బంతి కుడికే వంగుతుంది. నా స్లైస్‌లో (ఇలా కుడికి వంగిపోయే షాట్‌లో) పెద్ద భాగం అక్కడి నుంచి వస్తున్నదే. బంతికి కొద్దిగా దూరం జరిగి నిలబడమన్నారు, ఆ రోజుకు అంతే చెప్పారు. అంతకు ముందు నేను చూసిన స్లైస్ వీడియోల్లో ఒక్కటి కూడా ముద్ర ఎక్కడ పడుతోందని అడగలేదు, అడగడం వాటికి సాధ్యమూ కాదు.

బంతి, క్లబ్ ఒకదాన్నొకటి తాకి ఉండే సమయం దాదాపు సెకనులో రెండు వేలవ వంతు. ఆ కాస్తలో ఏం జరుగుతుందన్న విషయంలో చాలాకాలం పొరపాటు పాఠమే నడిచింది: బంతి స్వింగ్ సాగిన దారిన బయలుదేరి, ఫేస్ చూస్తున్న వైపుకు వంగుతుందని నేర్పేవారు. 2003లో డెన్మార్క్‌లో మొదలైన ట్రాక్‌మ్యాన్ వంటి సంస్థల రాడార్ పరికరాలు వాడుకలోకి వచ్చాక ఈ బోధన నిలబడలేదు. బంతి బయలుదేరే దిశను నాలుగింట మూడు వంతులు, డ్రైవర్‌తోనైతే అంతకన్నా ఎక్కువ, ఫేస్ నిర్ణయిస్తుంది. ఫేస్‌కూ స్వింగ్ దారికీ మధ్య ఉన్న తేడా వంపును నిర్ణయిస్తుంది. స్లైస్ కొట్టేవారిని మరింత ఎడమకు గురిపెట్టమని చెప్తే, స్వింగ్ దారి ఇంకా ఎడమకు మళ్లి, ఆ తేడా పెరిగి, స్లైస్ ఎక్కువ కావడానికి కారణం ఇదే. అందుకే కొత్త కోచ్‌ను కలిసినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న, బంతి ఎటు బయలుదేరుతుందో ఏది నిర్ణయిస్తుందని. పాత పాఠం వినిపిస్తే మర్యాదగా సెలవు తీసుకుంటాను.

పరికరం ఉన్నంత మాత్రాన సరిపోదు. తెర మీద కనిపించే అంకెలను చదివి వినిపించడమే పాఠం అనుకునేవారు ఉన్నారు. రేంజ్ బంతులు మామూలు బంతులంత దూరం పోవు కాబట్టి అక్కడ చూపే దూరాలను కోర్సులో క్లబ్ ఎంచుకోవడానికి వాడితే షాట్లు తప్పుతాయి. డ్రైవర్ పైకి లేస్తుండగా బంతిని కొట్టాలన్న సలహా కూడా అందరికీ ఒకటి కాదు: అమెరికాలో పురుషుల వృత్తి పోటీలైన పీజీఏ టూర్‌లో బంతిని తాకేటప్పుడు డ్రైవర్ సగటున దాదాపు ఒక డిగ్రీ కిందికే దిగుతుంది, మహిళల టూర్ అయిన ఎల్‌పీజీఏలో ఆడేవారు సగటున పైకి కొడతారు. తక్కువ వేగంతో ఆడేవారికి పైకి కొట్టడం వల్ల దూరం వస్తుంది. ఈ కారణాన్ని విప్పి చెప్పగలిగిన కోచ్ దగ్గరే అంకెకు విలువ.

వీడియోలు చెడ్డవని అనను. చిప్పింగ్ (రంధ్రానికి దగ్గర నుంచి కొట్టే చిన్న షాట్), బంకర్ షాట్ (ఇసుక గుంటలోంచి కొట్టేది) వంటివి మొదటిసారి అర్థం చేసుకోవడానికి అవి బాగానే ఉపయోగపడ్డాయి. చిక్కల్లా స్వింగ్ మార్పులతోనే: గ్రిప్ పట్టుకునే చేతులను కుడివైపుకు ఎక్కువగా తిప్పమన్న సలహా స్లైస్ ఉన్నవారికి మేలు చేస్తుంది, హుక్ (ఎడమకు వంగిపోయే షాట్) ఉన్నవారికి ఇంకొకరి జ్వరానికి రాసిన మందు మింగినట్టే అవుతుంది. చందా యాప్ కూడా ఇదే సరుకును వరుసక్రమంలో పేర్చి ఇస్తుంది. దూరశిక్షణ దీనికన్నా నయం, ఎందుకంటే అటువైపు ఒక మనిషి నా స్వింగ్‌నే చూస్తారు. కానీ కెమెరా చేతుల ఎత్తులో, బంతి నుంచి లక్ష్యానికి గీసినట్టు ఊహించే గీతకు సమాంతరంగా ఉండాలి. పక్కకు కొద్దిగా జరిపినా మంచి స్వింగ్ వంకరగా కనిపిస్తుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో ముందుగా చెప్పకుండానే దోషాల పట్టిక పంపిన సేవను నేను వెంటనే మానేశాను.

బ్రిటన్‌లో 1901లో, అమెరికాలో 1916లో ఏర్పడిన పీజీఏల (వృత్తి గోల్ఫర్ల సంఘాల) వంటి సంస్థలిచ్చే అర్హత చూడదగ్గదే, అయితే కోచ్ చదువుకున్నారనే అది చెప్తుంది, వినే ఓపిక ఉందో లేదో చెప్పదు. ఆ ఓపిక నాకు స్కోర్‌కార్డుల దగ్గర కనిపించింది. ఏ రంధ్రంలో ఏ షాట్ వల్ల అదనపు స్ట్రోక్ పడిందో రాసుకుని రమ్మని మా కోచ్ అడిగారు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ లెక్కల ప్రకారం మంచి ఆటగాళ్లకూ మామూలు ఆటగాళ్లకూ మధ్య తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు 100 గజాల ఆవలి నుంచి కొట్టే షాట్లలోనే ఉంది. పటింగే (బంతిని రంధ్రంలోకి దొర్లించడమే) సర్వస్వమన్న పాత మాటను నమ్మి, రంధ్రం చుట్టూ నున్నగా ఉండే గ్రీన్ మీదే గంటలు గడిపే నాలాంటివారికి ఈ లెక్క మింగుడుపడటానికి సమయం పట్టింది.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుందన్నది ఇంకొక గీటురాయి. 2020లో అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, తగ్గితే మెరుగు) విధానంలో చివరి 20 స్కోర్లలో మెరుగైన 8 స్కోర్ల ఆధారంగా ఆ అంకెను లెక్కిస్తారు కనుక, నిజమైన మెరుగుదల కూడా అందులో ఆలస్యంగానే తెలుస్తుంది. ఇంగ్లండ్‌కు చెందిన నిక్ ఫాల్డో అంతటి ఆటగాడికే కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గర స్వింగ్ మార్చుకోవడం మొదలుపెట్టాక 1987 బ్రిటిష్ ఓపెన్ గెలిచేసరికి రెండేళ్లు పట్టింది. కొన్ని వారాల్లో హ్యాండిక్యాప్ సగానికి దించుతామని, అందుకు పాఠాల కట్టనంతా ఒకేసారి కొనమని ఎవరైనా అంటే, ఒక్క పాఠానికే చెల్లించి చూడటం మేలు.

మా కోచ్‌లోనూ లోటు ఉంది. పాఠాలన్నీ మ్యాట్ (కృత్రిమ గడ్డి చాప) మీదే జరుగుతాయి, కోర్సులోకి రావడం అరుదు. మ్యాట్ మీద క్లబ్ బంతికి వెనుక నేలను తాకినా జారి ముందుకొచ్చి బంతిని శుభ్రంగానే కొడుతుంది. అదే గడ్డి మీదైతే క్లబ్ మట్టిలో దిగబడి బంతి సగం దూరం కూడా పోదు. ఐరన్ షాట్ల మీద పాఠం ఉన్న రోజుల్లో ఇప్పుడు నేను గడ్డి మీద చోటు ఇవ్వమని ముందే అడిగి, అది దొరికిన రోజుకే పాఠం ఖరారు చేసుకుంటున్నాను.