వేసవి నీళ్లు: డ్యాములో దాచడం మేలా, ఏటి ఇసుకలో దాచడం మేలా?

ఎండలు ముదిరాయంటే నెల్లూరులో అందరూ అడిగేది ఒకటే, పెన్న మీదున్న సోమశిల డ్యాములో ఎన్ని టీఎంసీలు ఉన్నాయి అని (ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు). పెన్నలో ఇసుక ఎంత మిగిలిందని అడిగేవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండోది కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే ఆ ఇసుకా ఒక రిజర్వాయరే, కాకపోతే నీళ్లు పైకి కనపడవు.

ముందు డ్యాము సంగతి చూద్దాం. సోమశిల పూర్తి సామర్థ్యం దాదాపు 78 టీఎంసీలు, కండలేరుది 68. పెన్న డెల్టాలో వరి కయ్యలకి నీళ్లు పారాలన్నా, చెన్నైకి తెలుగుగంగ నీళ్లు పోవాలన్నా ఇంత నిల్వ లేకపోతే జరగదు, ఇందులో వాదనే లేదు. 2021 నవంబర్‌లో పడుగుపాడు దగ్గర రైలు కట్టని కోసేసిన వరద లాంటిది వస్తే ఇసుక పట్టుకునేది అందులో పిసరంతే, మిగతాదంతా సముద్రానికే.

కానీ డ్యాము నీళ్లు ఎండకి ఆవిరైపోతాయి. మన వైపు తెరిచి ఉన్న నీటి మీద నుంచి ఏడాదికి ఒకటిన్నర, రెండు మీటర్ల మందం అలా పోతుంది. నీళ్లు తగ్గి వేడెక్కితే పాచి పట్టి వాసనొస్తాయి, శుద్ధి ఖర్చు పెరుగుతుంది. పైగా అంతా ఒక్క గేటు మీద ఆధారపడి ఉంటుంది. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్‌లో 2022లో ఒక గేటు, 2023లో ఇంకో గేటు కొట్టుకుపోయాయి, దాచుకున్న నీళ్లు కళ్లముందే దిగువకి పోయాయి.

ఇక ఇసుక. 500 మీటర్ల వెడల్పున్న ఏటిలో ఒక కిలోమీటరు పొడవునా అయిదు మీటర్ల లోతు ఇసుక ఉందనుకోండి. అందులో తోడుకోగలిగే నీళ్లు అయిదో వంతు వేసుకున్నా 50 కోట్ల లీటర్లు. మనిషికి రోజుకి 100 లీటర్ల చొప్పున లక్ష మందికి 50 రోజులు వస్తాయి. ఒక టీఎంసీలో యాభయ్యో వంతు కూడా కాదు, సేద్యానికి ఏ మూలకీ రాదు, కానీ ఒడ్డునున్న ఊరికి తాగడానికి ఇది చాలా పెద్ద నిల్వ. పైగా నీటిమట్టం ఇసుక పైభాగం నుంచి రెండడుగులు కిందికి దిగాక ఎండ ఇంచుమించు ఏమీ చెయ్యలేదు.

ఏటి ఇసుకలో చెలమ తవ్వినవాళ్లకి తెలుసు, మొదట ఊరేవి మురికి నీళ్లు, రెండుమూడు సార్లు తోడి పారబోస్తే తర్వాత ఊరేవి అడుగు కనపడేంత తేటగా ఉంటాయి. ఇసుక రేణువుల మీద సన్నటి జిగురు పొరలా సూక్ష్మజీవులు పట్టి ఉంటాయి, నీళ్లలోని చెత్తని తినేసేవి అవే. మన పులుసులోకి వచ్చే బొమ్మిడాయి పగలంతా దాక్కునేది కూడా ఈ ఇసుకలోనే, బురదలోనే. యంత్రాలు పెట్టి ఇసుక తోడేస్తే ఈ చేపా పోతుంది, నీళ్లని శుభ్రం చేసే ఆ పొరా పోతుంది.

ఇసుకకి ఉన్న లోపాలూ చెప్పాలి. ఊరి మురుగు ఏటిలోకి వదిలితే ఇసుక అంతా వడకట్టలేదు, నైట్రేట్ నేరుగా బావిలోకి దిగిపోతుంది. ఇంకోటి, పైన డ్యాము నీళ్లతో పాటు ఇసుకనీ ఆపేస్తుంది. కింద తవ్వుకుపోయిన చోట మళ్లీ కొత్త ఇసుక వచ్చి చేరడం కష్టం. ఏటి అడుగు దిగిపోతే చుట్టుపక్కల ఫిల్టర్ పాయింట్లలో, అంటే తక్కువ లోతు గొట్టపు బావుల్లో, నీళ్లూ దిగిపోతాయి. అందుకే ఇసుక తవ్వే రీచ్‌లకి అనుమతులిచ్చేటప్పుడు ఇసుకని టన్నుల్లోనే కాదు, అది పట్టి ఉంచే నీళ్ల లీటర్లలో కూడా లెక్కెయ్యాలని నా గట్టి అభిప్రాయం.

మరి ఏది మేలు? సేద్యానికి డ్యామే. ఏటి ఒడ్డు ఊళ్లకి తాగేనీళ్లు మాత్రం ఇసుకలోంచి తీసుకోవడమే మేలు, డ్యాము నీళ్లు దానికి వెనక దన్నుగా ఉండాలి. కనిగిరి వైపు ఈ మాట చెల్లదు. అక్కడ రాతి నేల, బోరు వేస్తే ఫ్లోరైడ్, పెన్న లాంటి ఇసుక ఏరు దగ్గర్లో లేదు, రిజర్వాయర్ నుంచి పైపులో రావాల్సిందే.

పెన్న విషయంలో రెండిటినీ కలిపి వాడుకునే దారి ఉంది. ఫిబ్రవరి, మార్చిలో సోమశిల నుంచి కొన్ని నీళ్లు ఏటిలోకే వదలాలి, ఒక్కసారిగా కాకుండా ఇసుక తాగేంత నిదానంగా. 2022లో సంగం, నెల్లూరు బ్యారేజీలు వచ్చాక వాటి వెనక నిలిచే నీళ్లు పై ఊళ్లకి ఎలాగూ ఇంకుతున్నాయి. సమస్యంతా నెల్లూరు బ్యారేజీ దాటాక, పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు వరకు. అక్కడ ఏరు ఎండితే సముద్రం ఉప్పునీళ్లు లోపలికి జరుగుతాయి, ఒకసారి ఉప్పెక్కిన ఫిల్టర్ పాయింట్ మళ్లీ మంచినీళ్లు ఇవ్వడానికి ఏళ్లు పడుతుంది. అందుకని వదిలే ఆ కాసిని నీళ్లలో ఒక వాటా బ్యారేజీ గేట్లు దాటి కిందికి పోవాలి, అవి వృథాగా సముద్రంలో కలుస్తున్నాయని ఎవరన్నా సరే.