గీజరు నీళ్ళు ఒళ్ళు కాల్చేస్తుంటే అద్దె ఇంట్లో ఏది మేలు?

మధురవాడలో మేము అద్దెకుంటున్న ఫ్లాట్‌లో గీజరు 25 లీటర్లది, ఓనరు గారు పెట్టించి ఇచ్చిందే. దిగిన కొత్తలో నీళ్ళు చాలా బాగా కాగుతున్నాయే అని సంతోషపడ్డాం. డిసెంబరులో ఒకరోజు సాయంత్రం మా అత్తయ్య మంచం మీద కూర్చుని కాళ్ళకి కొబ్బరి నూనె రాసుకుంటూ "ఇదేంటమ్మా, ఇక్కడ తడిగా తగులుతోంది" అంటే లైటు వేసి చూశాను. ఎడమ పాదం మీద బొటనవేలికి కాస్త పైన రూపాయి బిళ్ళంత బొబ్బ, దాని పక్కనే ఇంకోటి చితికిపోయి నీరు కారుతోంది. పొద్దున బకెట్ నింపుకుంటున్నప్పుడు వేడినీళ్ళ కుళాయి కింద పాదం పడింది, అంతే. ఆమెకి షుగరు వచ్చి పదిహేనేళ్ళు దాటింది, పాదాల్లో స్పర్శ సరిగా తెలియదు. కాలిన సంగతి సాయంత్రం దాకా ఆమెకే తెలియలేదు.

ఆ రాత్రి పాకం చూసుకోవడానికి కొన్న వంటింటి థర్మామీటరు తీసుకెళ్ళి మగ్గులో పెట్టి కొలిస్తే 72 డిగ్రీల సెల్సియస్. (జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, అది 42 దాటి చూపించదు.) ఓనరు గారికి ఫోన్ చేస్తే ఆయన చెడ్డగా ఏమీ మాట్లాడలేదు గానీ, "చల్లనీళ్ళు కలుపుకోవాలి కదమ్మా, గీజరన్నాక కాగుతుంది" అన్నారు. ఆయన ఒక్కరే కాదు, మన దగ్గర దాదాపు అందరూ అలాగే అనుకుంటారు. కాలితే తప్పు కాలినవాళ్ళదే, చూసుకోవాలి కదా అని. నాకు ఆ మాటే మింగుడు పడలేదు, అందుకే మూడు వారాల పాటు ఏమేం చేయొచ్చో అన్నీ కనుక్కున్నాను, కొన్ని చేసి చూశాను.

ముందు ఒక లెక్క చూడండి. 66 డిగ్రీల నీళ్ళు తగిలితే పెద్దవాళ్ళకి కూడా లోతుగా కాలడానికి 2 సెకన్లు చాలు. 60 అయితే 6 సెకన్లు, 54 అయితే అర నిమిషం, 49 దగ్గర అయితే 5 నిమిషాలు పడుతుంది. చంటిపిల్లలకి, ముసలివాళ్ళకి చర్మం పలచన కాబట్టి ఇంకా తొందరగా కాలుతుంది. 60కీ 49కీ తేడా పదకొండు డిగ్రీలే, కానీ అంతలో మనిషి చెయ్యి వెనక్కి లాక్కునే టైము దొరుకుతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఈ లెక్క చుట్టూనే.

మొదటి దారి ఓనరు గారు చెప్పిందే, చూసుకుని కలుపుకోవడం. పైసా ఖర్చు లేదు, ఏ ఇంట్లోనైనా ఇది ఉండాల్సిందే. బకెట్‌లో ఎప్పుడూ ముందు చల్లనీళ్ళు, తర్వాత వేడి, కట్టేటప్పుడు ముందు వేడి కుళాయి కట్టాలి. చేతి వేళ్ళతో కాకుండా మోచేతితో చూసుకోవాలి. కానీ దీని మీదే ఆధారపడితే ఇంట్లో అందరూ, రోజూ, నిద్రమత్తులో కూడా తప్పు చేయకూడదు. మా అత్తయ్యలాంటి వాళ్ళకి చూసుకోవడానికి కావాల్సిన స్పర్శే లేదు. నాలుగేళ్ళ పిల్లాడికి ఏ కుళాయి ఏదో తెలియదు, పైగా మా బాత్రూంలో ఎర్ర గుర్తు ఎప్పుడో ఊడిపోయింది. వేసవిలో ఇంకో చిక్కు ఉంది. టెర్రస్ మీద నల్ల ట్యాంకు, ఎండలో పడి ఉన్న పైపులు, మే నెల మధ్యాహ్నం చల్ల కుళాయి తిప్పినా వేడినీళ్ళే వస్తాయి, అప్పుడు కలపడానికి చల్లనీళ్ళు ఎక్కడివి? ఆ రెండు నెలలు గీజరు స్విచ్చి అసలు వేయకపోవడమే నయం.

రెండోది, టైము చూసుకుని స్విచ్చి ఆపేయడం. చాలా ఇళ్ళలో చేసేది ఇదే. 2 కిలోవాట్ల గీజరు 25 లీటర్లని 25 డిగ్రీల నుంచి 50కి తేవడానికి సుమారు 22 నిమిషాలు పడుతుంది, 65కి అయితే 35 నిమిషాలు. కాబట్టి ఇరవై నిమిషాలకి ఆపితే సరిపోతుందని లెక్క. ఒకరు స్నానం చేసి వచ్చాక రెండోవాళ్ళు మళ్ళీ ఇరవై నిమిషాలు వేశారనుకోండి, లోపల అప్పటికే వేడినీళ్ళు మిగిలి ఉంటే వేడి ఎక్కడిదాకా పోతుందో ఎవరికీ తెలియదు. మర్చిపోతే చెప్పక్కర్లేదు. కరెంటు బిల్లుకి మంచిదే, భద్రతకి మాత్రం దీన్ని నమ్మను.

మూడోది గీజరు ఉష్ణోగ్రతే తగ్గించడం. నన్నడిగితే ఎవరైనా మొదట చేయాల్సింది ఇది, ఎందుకంటే కుళాయిలో వచ్చే నీళ్ళే కాల్చేంత వేడిగా లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ తేలికైపోతాయి. కొన్ని గీజర్లకి బయటే నాబ్ ఉంటుంది, అది 50 దగ్గరికి తిప్పితే పని అయిపోయినట్టే. మామూలు రకం వాటికి బయట ఏమీ కనపడదు, అడుగున మూత విప్పితే లోపల థర్మోస్టాట్ (వేడి ఒక హద్దుకి రాగానే కరెంటు ఆపేసే భాగం) మీద చిన్న స్క్రూ ఉంటుంది. అది మనం విప్పేది కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి, మెయిన్ ఆపించాలి. మేము పిలిచిన అబ్బాయి శ్రీకాకుళం వైపు వాడు, మూత తీసి టార్చ్ వేసి చూసి "ఏటమ్మా, ఇది ఫుల్లులో ఉండిపోనాది, ఇన్నాళ్ళూ ఎవులూ చూడ్లేదేటి?" అన్నాడు. 50కి తగ్గించి వెళ్ళాడు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. తగ్గించాక మళ్ళీ కొలవండి. మేము మర్నాడు కొలిస్తే 70 ఉంది! అంటే సెట్టింగ్ ఒక్కటే కాదు, థర్మోస్టాటే సరిగా కట్ అవడం లేదు. ఎంతసేపు వేసినా ఎర్ర లైటు ఆరకపోవడం, కుళాయి తిప్పగానే ఆవిరితో పాటు నీళ్ళు చిమ్మడం, గీజరు పక్కన ఉండే, లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతూనే ఉండటం, ఇవేవైనా కనిపిస్తే ఆ గీజరు వాడటం అప్పటికప్పుడు ఆపేయాలి, అది ఒళ్ళు కాలడం దాటి ట్యాంకు పగిలే దాకా పోగల వ్యవహారం. వాల్వ్ కారుతోందని దానికి బిరడా బిగించేవాళ్ళని కూడా చూశాను, దయచేసి ఆ పని చేయకండి. మా గీజరు లోపల బోరు నీళ్ళ ఉప్పు తెల్లగా పెచ్చులు కట్టి ఉంది, అదంతా గోకి తీయించి థర్మోస్టాట్ మార్పిస్తే సామానుకి 350, కూలి 400 అయింది. ఆ తర్వాత 51 డిగ్రీలు చూపించింది.

తగ్గిస్తే నష్టం లేదా అంటే ఉంది, దాచడం ఎందుకు. ఇరవై లీటర్ల బకెట్‌ నీళ్ళు 40 డిగ్రీలకి కలపాలంటే, 65 డిగ్రీల నీళ్ళు ఏడున్నర లీటర్లు చాలు. 50 డిగ్రీలవి అయితే పన్నెండు లీటర్లు పోయాలి. అంటే 25 లీటర్ల గీజరులో మూడు బకెట్ల పైన వచ్చేది రెండు బకెట్లకి దిగిపోతుంది. నలుగురున్న ఇంట్లో మధ్యలో ఒకసారి ఆగాల్సి వస్తుంది. మన విశాఖ చలి ఎంతలెండి, అరకు చలి కాదుగా, మాకు అది ఇబ్బందిగా అనిపించలేదు. రెండో నష్టం లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా, ఇది 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవ ఉన్న నీళ్ళలో పెరుగుతుంది, 60లో చచ్చిపోతుంది. అందుకే నిలవ చేసే నీళ్ళు 60లో ఉండాలని ఆరోగ్య నిపుణులు చెబుతారు. రోజూ ఖాళీ అయ్యే చిన్న గీజరుకి ఈ భయం తక్కువే గానీ, ఊరెళ్ళి వారం తర్వాత వస్తే మాత్రం ఆ నిలవ నీళ్ళు ముందు వదిలేయండి. బయట నాబ్ ఉన్నవాళ్ళు వారానికోసారి పిల్లలు స్కూలుకి వెళ్ళాక 60 దాటించి, మళ్ళీ తగ్గిస్తే ఇంకా మంచిది.

నాలుగోది, ఈ గీజరు తీసేసి ఇన్‌స్టంట్ గీజరు పెట్టుకోవడం. ఇది నాకు చాలామంది చెప్పారు, "మూడు లీటర్లే కదా, ఏం కాలుతుంది" అని. నిజానికి అదే మోసం. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరులో నీళ్ళ వేడి కుళాయి ఎంత తిప్పామన్న దాని మీద ఉంటుంది. నిమిషానికి సుమారు మూడు లీటర్లు పారితే 25 డిగ్రీల నీళ్ళు 40 అవుతాయి, హాయిగా ఉంటుంది. అదే కుళాయి సన్నగా తిప్పి నిమిషానికి లీటరు పారనిస్తే 68 దాకా పోగలదు, థర్మోస్టాట్ కట్ చేస్తే తప్ప. పై అంతస్తుల్లో ప్రెషర్ ఒక్కోసారి పడిపోతుంది చూడండి, అప్పుడు మనం కుళాయి ముట్టుకోకపోయినా వేడి మారిపోతుంది. పైగా 13 ఆంపియర్లు లాగుతుంది, పాత అపార్ట్‌మెంట్లలో బాత్రూం దాకా లావు వైరు, 16 ఆంపియర్ల సాకెట్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. వంటింటి సింకు కోసమైతే సరే, కాలిన భయంతో మాత్రం దీనికి మారాల్సిన పని లేదు.

గ్యాస్ గీజరు గురించి ఒక్కమాట. కిటికీ సరిగా లేని బాత్రూంలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా ప్రాణం తీస్తుంది. ఒక ప్రమాదం తప్పించుకోబోయి ఇంకో ప్రమాదం తెచ్చుకోకండి.

ఐదోది థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్. షాపులో అడిగితే చాలాసార్లు ఒకే హ్యాండిల్ ఉండే సింగిల్ లీవర్ మిక్సర్ చేతిలో పెడతారు, అది ఇది కాదు. సింగిల్ లీవర్ రెండు నీళ్ళు కలుపుతుంది, అంతే. వంటింట్లో ఎవరో చల్ల కుళాయి తిప్పితే ఇక్కడ షవర్‌లో ఒక్కసారిగా వేడి దూకుతుంది. థర్మోస్టాటిక్ దాంట్లో లోపల మైనం నింపిన చిన్న గుళిక ఉంటుంది, వేడి పెరిగితే ఆ మైనం వ్యాకోచించి వేడినీళ్ళ దారి మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. 40 అని పెడితే 40 దగ్గరే వస్తుంది, చల్లనీళ్ళు ఆగిపోతే వేడినీళ్ళు కూడా ఆపేస్తుంది. గీజరు 60లో పెట్టుకోవచ్చు కాబట్టి బకెట్లు తగ్గవు, బ్యాక్టీరియా గొడవ లేదు. పనితనం చూస్తే అన్నిటికన్నా ఇదే మేలు. చిక్కల్లా ధర, వేలల్లో ఉంటుంది. ఇంకా బోరు నీళ్ళ ఉప్పుకి లోపల పట్టేస్తుంది, ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించాలి, ఫిల్టరు జాలీ లేని మోడల్ తీసుకోకూడదు. గీజరు చెడిపోయి ఉంటే మాత్రం దాన్ని వదిలేసి ముందు వాల్వ్ పెట్టుకోవడం తప్పు.

ఖర్చు ఎవరిది అన్నది అద్దె ఇంట్లో పెద్ద టెన్షన్. ఓనరుదే అని నేను గట్టిగా అనుకున్నాను, కానీ కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూల్ చూస్తే, అగ్రిమెంటులో వేరేగా రాసుకోకపోతే గీజరు రిపేర్లు అద్దెకున్నవాళ్ళ వంతులో ఉన్నాయి, పైపుల మార్పు, కరెంటు వైరింగ్ ఓనరు వంతులో ఉన్నాయి. అది నమూనా మాత్రమే, చివరికి అగ్రిమెంటులో ఏం రాసుకున్నామన్నదే లెక్క. అందుకే నేను పోట్లాటకి దిగకుండా థర్మామీటరు 72 చూపిస్తున్న ఫోటో, పాత థర్మోస్టాట్ ఫోటో, బిల్లు వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులకి ఆయనే వచ్చి పాదం కట్టు చూసి "నాకు ఇంత అని తెలీదమ్మా" అని డబ్బు అద్దెలో తగ్గించుకోమన్నారు. కొత్తగా ఇల్లు చూసేవాళ్ళు దిగకముందే వేడినీళ్ళు కొలిచి, గీజరు మాట అగ్రిమెంటులో రాయించుకోండి.

ఈలోపు ఎవరికైనా కాలితే కుళాయి కింద మామూలు చల్లనీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పారనివ్వండి. ఐసు వద్దు, పేస్టు వద్దు, ఇంకు వద్దు, బొబ్బ చిదపకండి. పిల్లలకైనా, షుగరు ఉన్నవాళ్ళకైనా చిన్నదే కదా అని ఊరుకోకుండా అదేరోజు డాక్టరుకి చూపించాలి. మా అత్తయ్య పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది.

మరి ఏది మేలు అంటే, ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న మనుషులే ఉన్న ఇంట్లో థర్మోస్టాట్ బాగుచేయించి 50కి తగ్గించుకుంటే చాలు, వాల్వ్ మీద డబ్బు పెట్టక్కర్లేదు. ఐదేళ్ళలోపు పిల్లలు, స్పర్శ తగ్గినవాళ్ళు, మంచాన పడి ఎవరో స్నానం చేయించాల్సినవాళ్ళు ఉంటే రెండూ చేయించండి, ముందు థర్మోస్టాట్, వీలు చూసుకుని వాల్వ్. మేము ఫిబ్రవరిలో అత్తయ్య వాడే బాత్రూంలో ఒక్క దాంట్లోనే వాల్వ్ పెట్టించాం. ఇల్లు మారితే విప్పి పట్టుకుపోవచ్చు, అందుకని పాత కుళాయి, దాన్ని పైపుకి కలిపే ముక్కలు (నిపుల్స్) ఒక కవర్లో చుట్టి అటక మీద దాచాను.